పళని బస్సు మొదలు పందెపు కారు వరకు
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

   

సంఘ కార్యదర్శిగారు ఈ సభకు నన్ను పిలిచినపుడు మాతృభాషను గూర్చి మాటలాడుమని కోరిరి. ఈ వేదికమీద ప్రతి సంవత్సరమును ఎవరో ఒకరు మాతృభాషను గూర్చి మాటలాడుచునే యున్నారు. మీరును ఓపికతో వినుచునే యున్నారు. ఈసారి మీ ఓపికను మరియొక పనికి వాడుకొనదలచితిని. మనవలెనే ఇంట తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టి, మనకు 100 కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమున నున్న కోయంబత్తూరునుండి బయలుదేరి, కారు పందెములలో ప్రపంచమంతయు తిరిగిన యొక క్రీడాకారుని కథ చెప్పెదను. ఆయన పేరు నరైన్ కార్తికేయన్.

ఈ విషయము నేనై యెన్నుకొన్నది కాదు. కొన్ని నెలల క్రిందట మన పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు "నా ఆశయము" అను వ్యాసములో తాను కారు పందెగాడ నయ్యెదనని వ్రాసెను. ఆ వ్యాసములో అక్షరదోషములు పదునేడు. అది వేరు సంగతి. వ్యాస పుస్తకము ఇంటికి పోయిన మరునాడే తండ్రి నన్ను వెదకికొని వచ్చెను. పంచామృతపు అంగళ్లకు డబ్బాలు సరఫరా చేయు గృహస్థుడు, కష్టజీవి. "ఏమండీ అయ్యవారూ, కారు తోలేది కూడా ఒక చదువా? దానికి ఎంత అవుతుంది? కడపట చేతికి ఏం వస్తుంది?" అని మూడు ప్రశ్నలు ఒక్క ఊపిరిలో అడిగెను. మొదటి ప్రశ్నకు నవ్వితిని. తక్కిన రెంటికి నాయొద్ద సమాధానము లేకపోయెను. నలుబది యేండ్లు ఛందస్సు చెప్పినవానికి టైర్ల వెల యెట్లు తెలియును? తెలిసికొని చెప్పెదనని మాట యిచ్చితిని. తెలిసినంతవరకు ఇదిగో, ఇప్పుడు చెప్పుచున్నాను. ఆయన మూడవ వరుసలో కూర్చుండియున్నారు. అనుమతి తీసికొనియే ఈ మాట చెప్పితిని.

పళనిలో కాపురముండువారికి పందెమనగా నేమో వేరుగా చెప్పవలసిన పనిలేదు. మన కొండమీది స్వామి యిచ్చటికి వచ్చినదే యొక పందెములో ఓడి గదా! లోకమును ముందుగా చుట్టివచ్చినవానికి పండు దక్కునని చెప్పగా, అన్నగారు తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేసి పండు పుచ్చుకొనెను. నెమలి నెక్కి నిజముగా లోకమంతయు తిరిగివచ్చినవాడు వట్టి చేతులతో నిలిచి, అలిగి, ఈ కొండ చేరెను. చిన్నతనమున మా అవ్వ ఈ కథ చెప్పినపుడెల్ల "తిరిగినవానికి ఏమియు లేదా?" అని నేను పోరుపెట్టుచుంటిని. "కొండ యున్నది గదా!" అని ఆమె తేల్చివేయుచుండెను. మన క్రీడాకారుని పేరులోను ఆ స్వామియే యుండుట కాకతాళీయమే. అయినను ఈ కథ చెప్పుచు పోయినకొలది నాకు ఆ పండు జ్ఞప్తికి రాక మానలేదు.

ఒక్కొక్క క్రీడ ఒక్కొక్క నేలలో మొలచును. రష్యా దేశమున పెక్కు నెలలు నేల మంచుతో కప్పబడియుండును. అచ్చటివారు పాదములకు పొడవైన పలకలు కట్టుకొని మంచుపై జారుచు పరుగిడి, నడుమ నడుమ ఆగి, వీపున మోయు తుపాకితో గురి చూచి కాల్చెదరు. దీనిని బయాథ్లాన్ అందురు. ఎగిరిపడు గుండెను ఒక్క క్షణమున అదుపులోనికి తెచ్చుకొననివాడు గురి తప్పును. తప్పిన గురికి శిక్షగా, పెక్కు పందెములలో, 150 మీటర్ల చుట్టు అదనముగా తిరుగవలెను. అన్‌ఫీసా రెజ్‌త్సోవా అను రష్యను వనిత 1988లో కాల్గరీ ఒలింపిక్సున మంచుపరుగు జట్టులోను, 1992లో ఆల్బర్‌విల్లున బయాథ్లాన్‌లోను స్వర్ణములు గెలిచెను. ఆమె కుమార్తెలలో ఇరువురు ఆ క్రీడలోనికే వచ్చిరి. ఆ మంచు మన కెక్కడిది? కాని కోయంబత్తూరు నేలలో మొలచునది మరియొకటి కలదు. అది ఇంజను.

నల్లరేగడిలో ప్రత్తి, ప్రత్తివలన మిల్లులు, మిల్లులవలన మరమ్మతు శాలలు, వానివలన పోతపని కొలుములు, నీటి పంపులు, మోటార్లు. ఆ నేలకు ఆదిపురుషులలో ఒకరు మనవారే. 1893లో కలంగల్ గ్రామమున పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చికిని పళనికిని నడుమ నడపిరి. మన పెద్దలు ఎక్కిన బస్సది! చోదకుని ఆసనమునందు కూర్చుండినది వారే. ఆ యొక్క బస్సు యు.యం.యస్. అను పెద్ద రవాణా సంస్థగా పెరిగెను. కాబట్టి ఈ కథ యొక్క మొదటి మజిలీ లండను కాదు, పారిస్ కాదు. మన కొండ దిగువనున్న వీధియే.

ఆ నగరముననే తరువాతి తరములో ఎస్. కరివర్ధన్ అను యంత్రశిల్పి యుండెను. విదేశపు పందెపు కార్లు కొనగల స్తోమత మన కుర్రవారికి లేదని యెరిగి, మారుతి కారు ఇంజను నమర్చి, ఒక్కరే కూర్చుండు పందెపు కారును స్వదేశముననే తయారుచేసెను. 1995లో విమాన ప్రమాదమున ఆయన మరణించెను. 2003లో కోయంబత్తూరు చెంత చెట్టిపాళయమున వెలసిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి. ఆయన చేసిన పని లేకపోయినచో నేటి కథానాయకునకు ఎక్కుటకు మొదటి మెట్టే లేకపోయెడిది. పత్రికలు గెలిచినవానిని పొగడునుగాని మెట్టు కట్టినవానిని ఏ పుటలో వేయును? కావున కొంత సేపు ఇచ్చట ఆగితిని.

నరైన్ 1977 జనవరి 14వ తేదీన జన్మించెను. తండ్రి జి.ఆర్. కార్తికేయన్‌గారు రోడ్డు ర్యాలీలలో పేరుపొందినవారు. దక్షిణ భారత ర్యాలీని ఏడు పర్యాయములు గెలిచినవారు. ఇంట నిత్యము వినబడు మాట ఏదియో బిడ్డకు అదియే మొదటి భాష యగును. ఆ బాలునకు తెలుగుతోపాటు ఇంజను మాటయు వినబడినది.

పదునైదవ యేట, అనగా 1992లో, తండ్రి ఆతనిని ఫ్రాన్సు దేశమందలి విన్‌ఫీల్డ్ పందెపు పాఠశాలకు పంపెను. అవును, పాఠశాలయే. మొదటి ప్రశ్నకు ఇదియే సమాధానము. అచ్చట నేర్పునది వేగముగా పోవుట కాదు. ఎచ్చట నెమ్మదించవలెనో నేర్పుదురు. మలుపునకు ఎన్ని గజముల ముందు బ్రేకు వేయవలెను, చక్రము ఏ గీతమీద పోవలెను, వాన తడిలో ఆ గీత యెట్లు మారును, ఇవి పాఠములు. అన్నిటికంటె కష్టమైన పాఠము వేరొకటి: బండి దిగి వచ్చి, ఏ మలుపులో ముందు చక్రము జారినది, ఏ మలుపులో వెనుక చక్రము జారినది అను సంగతి ఇంజనీరునకు విడమరచి మాటలలో చెప్పవలెను. చెప్పలేనివాని బండి బాగుపడదు. భాషను గూర్చి మాటలాడనని యింతకుముందు అంటిని. అయినను ఈ యొక్క మాట దానంతట వచ్చినది, క్షమింపుడు.

స్వదేశమున శ్రీపెరుంబుదూరు బాటపై ఆ మారుతి ఇంజను కార్లతో పందెములు మొదలుపెట్టి, ఆతడు ఇంగ్లండు పోయెను. 1994 శీతకాలమున బ్రిటిష్ ఫార్ములా ఫోర్డు పందెముల వరుసను గెలిచెను. ఐరోపాలో ఇట్టి విజేతృత్వము పొందిన భారతీయులలో ఆతడే ప్రథముడు. 1996లో ఫార్ములా ఆసియా విజేత యయ్యెను. పిమ్మట మూడు సంవత్సరములు బ్రిటిష్ ఫార్ములా త్రీ. అందు 2000లో నాల్గవ స్థానము. ఆ యేడే కొరియాలో చాంగ్వన్ నగరమున జరిగిన సూపర్ ప్రీ పందెములో ప్రథమ స్థానము. 2001 జూన్ మాసమున సిల్వర్‌స్టోన్ బాటపై జాగ్వార్ వారి ఫార్ములా వన్ కారును పరీక్షార్థము నడపెను. అంతకు ముందు ఏ భారతీయుడును ఫార్ములా వన్ కారు నడపి యుండలేదు.

ఇక రెండవ ప్రశ్న. ఎంత అవును? లెక్క చెప్పుట నాకు శక్యము కాదు. కాని స్వభావము చెప్పగలను. పరుగుపందెగానికి బూట్లు చాలును. చదరంగపు టాటగానికి బల్లయు బుద్ధియు చాలును. ఈ క్రీడలో ఒక్క ఋతువు ఆడుటకు కారు, ఇంజను, టైర్లు, మరమ్మతు పనివారు, ఓడ కూలి, విమానపు కూలి అన్నియు వలయును. కారు గోడకు తగిలినచో మరల మొదటినుండి వలయును. సంపన్న గృహమైనను ఒక్క గృహము దీనిని మోయలేదు. అందుచే ఆటగాడు చక్రము పట్టుటకు ముందు పోషకుల గుమ్మములు ఎక్కవలెను. 2002లో నరైన్ నిస్సాన్ వరల్డ్ సీరీసున నడపిన జట్టు టాటా వారి పేరు ధరించెను. 2005లో ఫార్ములా వన్ ప్రవేశమునకును ఆ సంస్థ అండ యుండెను. "డబ్బు పెట్టి కొన్న కుర్చీ" అని విమర్శించినవారు లేకపోలేదు. ఈ విమర్శలో సగము నిజము కలదు. నిజమును దాచి పిల్లలకు కథ చెప్పరాదు. కాని తక్కిన సగమును చెప్పవలెను. ఆ కాలమున చిన్న జట్లలో అటువంటి కుర్చీలో కూర్చున్నవారు అనేకులు. కుర్చీ కొన్నవానికి గమ్యము చేర్చు యోగ్యత కూడ కొనుటకు దొరకదు. నాలుగు దేశములలో పందెములు గెలిచిన పిమ్మటనే మనవానికి ఆ కుర్చీ దక్కెను.

2005 మార్చి 6వ తేదీన మెల్బోర్న్ నగరమున జోర్డన్ జట్టు పక్షమున ఆతడు బాటమీదికి వచ్చెను. పండ్రెండవ స్థానమునుండి బయలుదేరి పదునైదవ వాడుగా ముగించెను. ఫార్ములా వన్ పందెమున భారతీయు డొకడు నిలుచుట అదియే మొదలు. ఆ కారు పది సిలిండర్ల ఇంజనుది. బండి, మనిషి కలిసి సుమారు 600 కిలోగ్రాములు మాత్రమే. మలుపులో మెడ ఒక ప్రక్కకు విరిగిపోవునట్లు లాగబడును. గంటన్నరసేపు ఆ మెడను నిలుపుకొని, దేహము చెమటతో కరగుచుండగా, ప్రతి మలుపులో బ్రేకు గుర్తు తప్పక యుండవలెను. ఇందాక చెప్పిన రష్యను వనిత ఎగిరిపడు గుండెతో గురి చూచినట్లే యిదియును.

ఆ యేడు జూన్ 19వ తేదీన అమెరికాలో ఇండియానాపోలిస్ బాటమీద జరిగిన సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. పండు కథ ఇచ్చటనే మరల వచ్చుచున్నది.

ఆ బాటలో ఒక మలుపు గట్టువలె వాలుగా నుండును. పందెమునకు రెండు దినములు ముందు అభ్యాసములో రాల్ఫ్ షూమాకర్ కారు టైరు అచ్చట విఫలమై, కారు గోడకు కొట్టుకొనెను. మిషెలిన్ సంస్థ తన టైర్లు ఆ మలుపులో క్షేమకరము కావని తానే ఒప్పుకొనెను. ఇతర సంవత్సరములలో నైనచో నడుమ ఆగి టైర్లు మార్చుకొనెడివారు. కాని ఆ యొక్క యేడు పందెము మధ్య టైర్లు మార్చరాదను నియమ ముండెను. మలుపు వద్ద వేగము తగ్గించు అడ్డుకట్టు నిర్మింపుడని జట్లవారు కోరిరి, అధికారులు అంగీకరింపలేదు. పందెపుదినమున ఇరువది కార్లును మొదటి చుట్టు మెల్లగా తిరిగినవి. ఆ చుట్టు ముగియగానే మిషెలిన్ టైర్లుగల పదునాలుగు కార్లును బాట విడచి శాలలోనికి మరలిపోయెను. బాటమీద మిగిలినవి బ్రిడ్జ్‌స్టోన్ టైర్లుగల ఆరు: రెండు ఫెరారీలు, రెండు జోర్డన్లు, రెండు మినార్డీలు. ప్రేక్షకులు కేకలు వేసిరి, సీసాలు విసరిరి. ఆ కేకల నడుమ ఆరుగురును 73 చుట్లు తిరిగిరి. షూమాకర్, బారికెల్లో, మాంటీరో, వారి తరువాత నాల్గవవాడుగా నరైన్. నాల్గవ స్థానమునకు 5 పాయింట్లు.

ఫార్ములా వన్‌లో భారతీయుడు సంపాదించిన మొదటి పాయింట్లు అవియే. ఆతని జీవితములో అతనికి దక్కిన పాయింట్లును అవియే. వీనిని గూర్చి కొందరు నవ్వుదురు. నేను లెక్క వేసి చూచితిని. ఆరుగురిలో ఫెరారీల నిద్దరిని తీసివేయగా నిజమైన పోటీ నలుగురిది. ఆ నలుగురిలో తన జట్టువాడే యగు మాంటీరో మనవానికంటె ముందు వచ్చెను. కాబట్టి అది మహావిజయమని చెప్పను. కాని పండును అన్నగారి చేతిలో పెట్టినది నెమలి తప్పు కాదు; పదునాలుగు కార్లు ఇంటికి పోయినది మనవాని తప్పును కాదు. మిగిలినవారు పోయిన బాటమీద, సీసాలు పడుచుండగా, 73 చుట్లు తప్పులేక ముగించుట ఆతని పని. ఆ పని చేసెను. నిజమునకు ఆ యేటి ఆతని ఉత్తమమైన దినము అది కాదని నా అభిప్రాయము. అక్టోబరులో జపాను దేశమున సుజుకా బాటపై ఆతడు పదునొకండవ స్థానమునుండి బయలుదేరెను. ఆ యేటి విజేత అలోన్సో, రైకోనెన్, మైకేల్ షూమాకర్ ఆతని వెనుక వరుసలలో నిలిచిరి. వారి వంతు వచ్చునప్పటికి వాన పడుట కొంత కారణమే; వాన అందరికిని మేలు చేయదు గదా.

ఆ సంవత్సరము ముగియగానే కుర్చీ పోయెను. జోర్డన్ జట్టు మిడ్‌లాండ్ వారి పరమై, మరుసటి యేడు రష్యా దేశపు అనుమతిపత్రముతో, ఆ దేశపు జట్టుగా పరుగెత్తెను. అందు మనవానికి చోటు లేకపోయెను. 2006, 2007 సంవత్సరములలో విలియమ్స్ జట్టున పరీక్షా చోదకుడుగా నుండెను. పందెము లేదు, ఇతరులు గెలుచుటకై బండిని సరిచూచి యిచ్చుట పని. తల్లిదండ్రులారా, ఇట్టి సంవత్సరములను గూర్చి పత్రికలు వ్రాయవు. కాని ఆయన చక్రము విడువలేదు. దేశముల పేర పోటీపడు ఏ వన్ పందెములలో 2007 డిసెంబరున చైనాలోని జూహైలోను, 2008లో ఇంగ్లండులోని బ్రాండ్స్ హ్యాచ్‌లోను భారతదేశ పక్షమున గెలిచెను.

2009లో లె మాన్ నగరమున ఇరువదినాలుగు గంటల పందెమునకు ఎంపికయ్యెను. పందెము మొదలగుటకు కొంచెము ముందు చిన్న గోడ దాటబోయి పడి, భుజము తొలగెను. సహచరు లిరువురే రాత్రింబవళ్లు నడపి కారును గమ్యము చేర్చిరి. గంటకు 300 కిలోమీటర్ల వేగమున బ్రతికి బయటపడిన మనిషిని ఒక గోడ పడవేసినది! మన అవ్వలు దీనినే దృష్టిదోషమందురు. నేను మాత్రము ఏమనవలెనో తెలియక యూరకున్నాను.

2010లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. 2011లో హెచ్.ఆర్.టి. అను స్పెయిను జట్టున ఫార్ములా వన్‌కు తిరిగివచ్చెను. అందరికంటె బీదజట్టు అది. మొదటి పందెమున బయలుదేరుటకు కావలసిన కనీస వేగమైనను ఆ కారు అందుకొనలేకపోయెను. నడివేసవిలో ఆతనిని తొలగించి మరియొకని నెక్కించిరి. కాని అక్టోబరు 30వ తేదీన గ్రేటర్ నోయిడాలో మొదటి భారత గ్రాండ్ ప్రీ జరిగినపుడు చక్రము ఆతని కిచ్చిరి. పదునేడవ వాడుగా, తన జట్టువాడగు రికియార్డోకు ముందుగా ముగించెను. ఆ రికియార్డో తరువాత పెద్ద జట్లలో చేరి అనేక పందెములు గెలిచెను. అట్టివానిని, అట్టి కారులోనే, స్వదేశమున ఒక్క దినము మించుట చిన్న సంగతి కాదు. మరుసటి యేడు ఆ జట్టే మూతపడెను. మొత్తముమీద 46 గ్రాండ్ ప్రీ పందెములలో బయలుదేరుట, 5 పాయింట్లు. ఇదియే ఫార్ములా వన్ ఖాతా.

ఖాతా అచ్చట ముగిసినదని అందరును తలచిరి. ఆయన జపానునకు పోయి, 2014 మొదలు అచ్చటి సూపర్ ఫార్ములా పందెములలో అయిదేండ్లు నడపెను. 2019 నవంబరులో ఫుజీ బాటపై జపాను, జర్మనీ దేశముల కార్లు కలిసి పోటీపడిన పందెములో హోండా కారుతో మొదటివాడుగా వచ్చెను. అప్పటి కాతనికి నలుబది రెండేండ్లు. ఆ పందెమునాడు బాటమీద ఇరువది కార్లకు పైగా ఉన్నవి. ఎవరును శాలలోనికి మరలిపోలేదు.

మూడవ ప్రశ్న మిగిలినది. కడపట చేతికి ఏమి వచ్చును? గత వారము ఆ గృహస్థునకు ఇంతవరకు చెప్పినదంతయు చెప్పితిని. 2020లో నరైన్ కోయంబత్తూరు కేంద్రముగా డ్రైవ్‌ఎక్స్ అను సంస్థను స్థాపించి, వాడిన ద్విచక్ర వాహనములను బాగుచేసి అమ్ము వ్యాపారమునకు దిగెననియు చెప్పితిని. ఆయన తన పాత స్కూటరు వైపు ఒకసారి చూచి, "అట్లయితే పాత బండ్లు అమ్మేదానికి లోకమంతా తిరిగి రావల్నా, అయ్యవారూ?" అనెను. నాకు మాట తోచలేదు. ఇంతలో ప్రక్కనున్న బాలుడు "టైర్లు మార్చకూడదని ఆ ఒక్క యేడు మాత్రం నియమం ఎందుకు పెట్టినారు?" అని నన్నడిగెను. చెప్పుటకు పావుగంట పట్టినది. తండ్రి స్కూటరు తాళము చేతిలో పట్టుకొని, నిలిచియే అంతయు వినెను.

వచ్చే ఆదివారము వారిరువురును చెట్టిపాళయము పోయి ఆ బాటను చూచివచ్చెదరట. పొల్లాచ్చి మార్గముననే పోవుదురు. ఆ పదునేడు తప్పులను సరిదిద్ది వ్యాసమును మరల వ్రాసి తెచ్చిన తరువాతనే ప్రయాణమని బాలునితో ఒప్పందము.